బుజ్జి చెట్టు

తెల్లాపూర్,
14 మార్చి 2023

ప్రియమైన నాగమణికి,

కాంక్రీటు కలిపే మిల్లరు మోతకు నా చెవులు పోయాక ఫోన్‌లో నీ గొంతు వినే అదృష్టం లేదు. నీ ఉత్తరమే నాకు మాట.

నాలుగేళ్ల కింద ఒకే రోజు నాటిన టేకు మొక్కల్లో కింది చెల్క చేనులోవి ఇంటి కప్పును దాటాయని, పైన గుట్టవాలులో మన బుజ్జిని పూడ్చినచోట పెట్టింది మాత్రం మోకాలి దగ్గరే ఆగిందని రాశావు. చదివాక అన్నం ముట్టలేదు. నాలుగేళ్లకే పోయిన పిల్ల. దాని చెట్టయినా ఎదగొద్దా?

నేను తోటపని చేసే ఈ విల్లాల కిందా మన గుట్టలాగే అంతా బండే. నడుము లోతు గుంత తీసి, చెరువు మట్టి నింపి నాటుతాం. చెట్టు సర్రున లేస్తుంది. నువ్వూ బుజ్జి చెట్టు చుట్టూ తవ్వి, రాళ్ల మొరం తీసేసి చెరువు మట్టి నింపు. మీ అన్న రమేష్ ట్రాక్టర్‌లో తెస్తాడు. నేనే వచ్చి చేయాలి. కానీ దాన్ని పూడ్చిన రోజు తర్వాత నా కాళ్లు ఆ వాలు ఎక్కడం లేదు, నీకు తెలుసు.

నీ రాజేందర్

గుండ్లపల్లి,
2 నవంబర్ 2023

ప్రియమైన బావకు,

అన్న మట్టి దింపిపోయాడు. నువ్వు చెప్పినట్టే నింపాను. చెట్టు బాగుంది, ఫికర్ చేయకు. ఈసారి కంది విరగపూసింది. వేళకు తిను.

నీ నాగమణి

తెల్లాపూర్,
20 మే 2025

ప్రియమైన నాగమణికి,

మొన్నటి గాలివానకు ఇక్కడ పదకొండు చెట్లు పడ్డాయి. వేళ్లతో సహా లేచాయి. చూస్తే ఒక్క వేరు కూడా గుంత దాటలేదు, కుండలో పెంచినట్టు లోపలే చుట్టుకుంది. నాతో పనిచేసే కొమురమ్మ నా చెవి దగ్గర అరిచి చెప్పింది: "మెత్తగ దొరికినంక బండ దిక్కు ఎందుకు పోతది రాజేందర్?"

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. బుజ్జి చెట్టుకు నేనే గొయ్యి తీయించాను. అక్కడా గాలి వచ్చిందట. పడిపోయిందా? నన్ను ఓదార్చకు, నిజం రాయి.

నీ రాజేందర్

గుండ్లపల్లి,
27 మే 2025

ప్రియమైన బావకు,

నన్ను తిట్టు. నీకు అబద్ధం రాశాను.

గడ్డపార తీసుకుని పైకి పోయాను. ఒక్క పోటు వేశాను, రెండోది వేయలేకపోయాను. "కింద పిల్ల పండుకుంది కదనే, ఎట్ల తవ్వుతవ్" అని నన్ను నేనే తిట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. మట్టంతా కందిలో చల్లాను. ఆ ఏడు అందుకే అంత పూసింది.

గాలికి కింద చెల్కలో రెండు చెట్లు విరిగాయి. బుజ్జి చెట్టు మాత్రం కదలలేదు. మొదలు పట్టుకుని ఊపి చూశాను. మొదటి నాలుగేళ్లూ పైకి లేవకుండా బండ పగులు వెతుక్కుంటూ కిందికి పోయిందేమో. ఈ రెండేళ్లలోనే ఎదిగింది. అయినా పొట్టిదే, నా ఛాతీ దాకా వస్తుంది.

బతికుంటే బుజ్జికి ఇప్పుడు పదేళ్లు. అంతే ఎత్తు ఉండేది. ఈసారి నీ చేయి పట్టుకుని నేను గుట్ట ఎక్కిస్తాను, రా బావా.

నీ నాగమణి