దయ్యానికి నీ గొంతేనా, బాపూ?

బాపూ,

బాగున్నావా? నువ్వు పోయి పదకొండేళ్ళు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. నాకైతే కొత్తగా ఒక భయం పట్టుకుంది... నీ గొంతు మరిచిపోతున్నాను.

నీ మాటలన్నీ గుర్తున్నాయి. వాటిని పలికిన గొంతే చెవికి అందడం లేదు. ఫొటోలున్నాయి గానీ ఫొటోలు మాట్లాడవు కదా.

పోయిన వారం చెన్నూరు చిన్నాయన నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. ఏమిటో తెలుసా? నీ దయ్యం సినిమా! ఎవరో పాత క్యాసెట్టులోంచి తీసి నెట్‌లో పెట్టారట.

అప్పుడు నేను మూడో తరగతి. సినిమావాళ్ళు బెల్లంపల్లి వచ్చి పాడుబడ్డ బంగళాలో షూటింగు పెట్టారు. గని నుంచి బొగ్గు ముఖంతో ఇంటికొస్తున్న నిన్ను చూసి, రంగు ఖర్చయినా తప్పుతుందనుకున్నారేమో, దయ్యం వేషం ఇచ్చారు. అద్దం ముందు నిలబడి "పోండ్రి! ఈడికెల్లి పోండ్రి!" అని ఎన్ని రోజులు అరిచావో!

టాకీసులో నేను చూసిందేమీ లేదు. నీ చంకలో తల దూర్చి చెవులు మూసుకున్నాను. అవ్వ అసలు రానేలేదు, కట్టుకున్నవాణ్ణి దయ్యంగా చూడనంది. జనం నవ్వారట. నాలుగో రోజుకు సినిమా ఎత్తేశారు. "మూడు దినాలాడింది బిడ్డా, గది తక్కువనా?" అన్నావు.

వీడియో వచ్చాక ఐదు రోజుల దాకా తెరవలేదు. అందులో నీ గొంతు ఉంటుందని ఆశ... లేకపోతే? ఇంకెక్కడ వెతకాలి? ఆ పరధ్యానంలో కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

నిన్న పొద్దున అవ్వ వంటింట్లో బియ్యం ఏరుతుంటే, ముందు గదిలో కూర్చుని పెట్టాను. బంగళా మెట్ల మీద నువ్వు. ఎంత సన్నగా ఉన్నావో! నోరు తెరిచావు.

"వెళ్ళిపోండి" అన్నది దయ్యం. ఎవరిదో గొంతు, బాపూ. నీ పెదవులు 'పోండ్రి' అంటుంటే పైన ఎవరో 'వెళ్ళిపోండి' అంటున్నారు. టాకీసులో నువ్వు విన్నావు కదా... ఇంటికొచ్చి ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదు? నాకు ఏడుపొచ్చింది. నీ మీద కోపం కూడా వచ్చింది.

ఆపేద్దామనుకుంటుండగా, మెట్లు దిగుతూ దయ్యం దగ్గింది. రెండు చిన్నవి, ఒక పెద్దది, చివర్లో గొంతు సవరించుకోవడం. నీదే! నీ గని దగ్గే! అదొక్కటి మార్చడం మరిచారేమో...

వెనక చప్పుడైంది. అవ్వ నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. నువ్వు దగ్గినప్పుడల్లా తెచ్చినట్టే తెచ్చేసింది. నీ కుర్చీ వైపు చూసింది. తర్వాత నా చేతిలో ఫోను చూసింది. గ్లాసు కింద పెట్టి, నా పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళకు నీ సినిమా చూసింది బాపూ.

ఆ వీడియో ఎవరైనా తీసేస్తారేమోనని ఇప్పుడు ఇంకో భయం. మూడు చోట్ల దాచాను, అయినా ఈ పొద్దున లేవగానే ఉందో లేదో చూసుకున్నాను.

ఆ దగ్గు పోవాలని ఎన్ని మొక్కులు మొక్కాం... ఇప్పుడు మాత్రం దాన్ని పోనివ్వను బాపూ.

నీ బిడ్డ,
సరోజ