మామిడి పిందె గుర్తున్న పీట

రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్
17-9-2000, ఆదివారం

మరదలు లోవలక్ష్మికి,

నీ బావ దీవెనలు. ఇక్కడ నేనూ మన సుధా ఒంటికి బాగానే ఉన్నాం. విశాఖ హాస్టల్లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. ఒంటికి అని ఎందుకు రాశానంటే, నా బుద్ధే బాగాలేదు. ఆ సంగతి చివర రాస్తాను. నీకు ముగింపు ముందే చూసేసే అలవాటుంది, ఆఖరి కాగితం మీదికి దూకకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. సుధకి దగ్గు తగ్గింది. షెడ్డు మీద కారే రేకు మార్చాను. నీ ఆవకాయ జాడీ అడుగంటింది, అందులో నా తప్పు సగమే. నర్సమ్మవయ్యాక మొదటి సూది నాకే పొడుస్తానని రాశావు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక లావుపాటి సూది వెతుక్కుంటావేమో.

హాస్టల్ పిల్లలు "మీ ఆయన ఏం చేస్తారు?" అని అడిగితే చెప్పలేక నవ్వి ఊరుకున్నావట. ఏం, సిగ్గా? ఇలా చెప్పు. హైటెక్ సిటీ కంపెనీలకి వచ్చే కంప్యూటర్లు ఒట్టి నేల మీద దిగవు. వాటి కింద చెక్క పీట ఒకటి ఉంటుంది. ఆఫీసువాళ్లు ప్యాలెట్ అంటారు, మేం పీట అంటాం. సరుకంతా దాని మీద పేర్చి, కింద ఎత్తుడు బండి ఇనప కొమ్ములు దూర్చి లేపుతారు. మామిడి చెక్కతో ఆ పీటలు చేసేది మా బావే అని చెప్పు. ఊరంతా కంప్యూటర్ల జపం చేస్తోంది కానీ, వాటిని మోసేది మా బావ చేతిపని అని కూడా చెప్పు.

ఇంకో మాట. నీ మూడు పేజీల ఉత్తరంలో కలీముల్లా పేరు అయిదుసార్లు ఉంది. నా పేరు రెండుసార్లు, అందులో ఒకటి కవరు మీద. లెక్కపెట్టాను. "కలీముల్లా అన్నయ్య అంత మర్యాదగా రమ్మంతంటే కలిసి చేసుకోడానికి నీకు ఏటి బాధ బావా?" అని అడిగావు. బాధ ఏమిటో చెబుతాను. కడుపుమంట!

జూన్‌లో నువ్వు ట్రైనింగుకి బయలుదేరిన రోజున అతను ఎదుటి షెడ్డులో విరిగిన పీటల గుట్ట ముందు కూర్చుని మేకులు పీకుతున్నాడు. "చెత్త ఏరుకుంటున్నాడు" అని నేను నవ్వాను, నువ్వు నా మోచేతి మీద గిల్లావు. అంతకుముందు ఆ విరిగినవన్నీ గోదాముల వెనక తగలబెట్టేవారు. ఆ పొగకి చుట్టుపక్కలవాళ్లు బట్టలు ఆరేసుకోలేకపోయేవారు. కలీముల్లా వాటిని ఒక్కోటి నలభై రూపాయలకి కొని, పోయిన చెక్క ఒకటో రెండో మార్చి, నూట యాభైకి అమ్మడం మొదలుపెట్టాడు. నా కొత్త పీట మూడొందల యాభై. కంపెనీలవాళ్లకి ఎవరైనా లెక్కలు నేర్పాలా? శ్రావణం వచ్చేసరికి అతని షెడ్డు ముందు రెండు ట్రాలీ ఆటోలు, నా షెడ్డు ముందు రెండు కుక్కలు.

"గీ పీట ఖరాబ్ కాలే సార్, ఒక్క చెక్క పోయింది, గంతే. ఒక్క పన్ను ఊడితే మనిషిని పారేస్తమా?" అని వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు నా షెడ్డులోకి వినబడుతుంది. అతను బాగుపడుతుంటే నేను కళ్లలో నిప్పులు పోసుకున్నాను లోవా, దాచడం దేనికి?

ఇంటికొస్తే ఇంకోటి. సుధ వాళ్ల జ్ఞానమణి టీచరు చెట్లను కాపాడేవాళ్ల మీద వ్యాసం రాయమన్నారట. మన సుపుత్రి ఎవరి మీద రాసిందనుకున్నావు?

"కలీం అంకుల్ మీద రాసిన నాన్నా. పద్నాలుగు పీటలకి ఒక చెట్టంట. నెలకి ఇరవై చెట్లు బచాయిస్తడు. లెక్క గూడ రాసిన."

"మరి నా మీద ఏం రాయలేదా?"

"నీ మీద ఏం రాయాలె? నువ్వు కొత్తయి చేస్తవ్ కద, దానికి చెట్టు కొట్టాలె."

ఆ వ్యాసానికి ఫస్టు ప్రైజు స్టీలు గ్లాసు ఇచ్చారు. రోజూ నాకు అందులోనే టీ పోసిస్తుంది. ప్రేమతోనే ఇస్తుంది, నాకే గొంతు దిగదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన ఆదివారం కలీముల్లా మన గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ముఖం పీక్కుపోయి ఉంది. అల్వాల్‌లో కంప్యూటర్ల గోదాం చూసే కామరాజుగారు అతనికి నాలుగొందల పీటల ఆర్డరు ఇచ్చి, సగం దిగాక ఆపేశాడు.

"జెర పరేషాన్ల ఉన్న కన్నన్నా. నా పీటలల్ల చెద ఉందని ఎవడో సార్‌కి చెప్పిండంట. మాల్ మొత్తం వాపస్ తీస్కపొమ్మంటున్నడు. నువ్వు ఒక్కసారి ఒచ్చి చూసి చెప్పు. గోదాముల్ల నీ మాటంటే అందరికి నమ్మకం."

ఆ ఆర్డరు పోతే దసరాకల్లా షెడ్డు ఖాళీ చేసి జహీరాబాద్‌లో తమ్ముడి దుకాణానికి వెళ్లిపోతామని అతని భార్య షిరీన్ సుధతో అందట. షిరీన్ వెళ్లిపోతే బడి నుంచి వచ్చిన సుధకి అన్నం పెట్టేదెవరు? నువ్వు ట్రైనింగు మానేసి రావలసిందే. అది తట్టినప్పుడు నాకు భయం వేయాలి కదా. వేయలేదు. "రానీ, రానీ" అనిపించింది. నువ్వు తెల్లకోటు వేసుకుని దిగిన ఫోటో చూసినప్పటి నుంచీ నీ మీద కూడా కొంచెం కుళ్లుగానే ఉంది. ఇంత రాశాక అదొక్కటి దాస్తే ఏం లాభం?

సోమవారం పొద్దున అతని స్కూటరు వెనక కూర్చుని అల్వాల్ వెళ్లాను. గోదాం ముందు పీటలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. పైది ఒకటి దింపి, బోర్లా తిప్పి, ఉలితో గీకబోయాను.

అడుగు చెక్క మీద మామిడి పిందె.

నీకు గుర్తుందా, షెడ్డు పెట్టిన కొత్తలో ప్రతి పదో పీట అడుగున నీ పెళ్లిచీర అంచు మీది పిందె చెక్కేవాణ్ని. ఉలి మూలతో రెండు గీతలు, ఒక వంపు. "నా చీర అంచు తీసుకెళ్లి మూటల కింద పెడతావేటి?" అని నువ్వు కేకలేశావు. ఆ పీటే. ఆరేళ్లనాటిది. ఎన్ని గోదాములు తిరిగిందో, ఎన్ని లారీలెక్కిందో, నా మేకు కదలలేదు, నా చెక్కల్లో ఒక్కటి తప్ప ఏదీ పగలలేదు. పైన ఒకే ఒక్క చెక్క కొత్తది, కలీముల్లా వేసింది. చెదపురుగు కాదు కదా, చిన్న చిల్లి కూడా లేదు.

"గీ పిందె ఉన్నయి నేను ఏరి పక్కకు పెడ్త అన్నా," అన్నాడు కలీముల్లా. "గిట్ల చేసేటోడు ఇంకోడు లేడు. గందుకే నిన్ను నా దిక్కు రమ్మని అడుగుతున్న, పాత పీటకి నీ చెయ్యి పడాలె."

కామరాజుగారు గుమ్మంలోంచి కేకేశాడు. "ఏమయ్యా, చెద ఉందా లేదా? క్లియర్‌గా చెప్పు."

"లేదు సార్. ఇంకో ఆరేళ్లు మోస్తుంది."

"అదేంటి? పోయిన మంగళవారం నువ్వే కదా వచ్చి, పాత చెక్కంటేనే చెద, అట్టపెట్టెలు తినేస్తుందని చెప్పావు?"

అవును లోవా. ఆ ఎవడో నేనే. పీట వంక కన్నెత్తి చూడకుండా, పనిగట్టుకుని బస్సెక్కి వెళ్లి మరీ చెప్పాను. రానంటే అనుమానం వస్తుందనే సోమవారం కలీముల్లా వెంట వెళ్లాను. తీరా నేను చెద పట్టించింది నా చేతిపనికే, నీ చీర అంచుకే. "కుళ్లుతో అబద్ధం చెప్పాను సార్, ఆయన సరుకు మంచిది" అని అక్కడే, ఇద్దరి ముందూ అనేశాను. కామరాజుగారు నన్ను ఎగాదిగా చూసి, ఆర్డరు మళ్లీ ఇచ్చాడు. కలీముల్లా తిట్టినా బాగుండేది. నన్ను స్కూటరు మీదే ఎక్కించుకుని తీసుకొచ్చి మన షెడ్డు ముందు దింపి వెళ్లిపోయాడు.

మంగళవారం నుంచీ రోజూ పొద్దున్నే అతని షెడ్డులోకి వెళ్లి, ఎవరూ అడక్కుండానే, విరిగిన పీటల ముందు కూర్చుని మేకులు పీకుతున్నాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. ప్రతి శుక్రవారంలాగే మొన్న కూడా షిరీన్ టిఫిన్ డబ్బా పంపింది. ఎప్పుడూ రెండు గిన్నెలుండేవి. ఈసారి ఒక్కటే, సుధది. అది తినేదాకా పక్కనే కూర్చున్నాను. ఆ పిల్ల సగం నాకు తీసిపెట్టింది, వద్దన్నాను.

నిన్న శనివారం నేను మేకు ఒకటి కోపంగా లాగుతుంటే వెనక నుంచి మాట వినబడింది.

"వంకర చెయ్యకు. మళ్ల పనికొస్తది."

అంతే అన్నాడు. 'అన్నా' అని చేర్చలేదు. ఆ మేకుని రాయి మీద పెట్టి మెల్లగా సాపు చేసి అతని డబ్బాలో వేశాను. రేపు కూడా వెళ్తాను. అతను మళ్లీ 'అన్నా' అనేదాకా వెళ్తాను.

నీ ట్రైనింగు ఎక్కడా ఆగదు, నీ చదువు నువ్వు చూసుకో. నన్ను ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు, కార్డు ముక్క మీద కాదు, మూడు పేజీలు నింపు. కలీముల్లా పేరు అయిదుసార్లు కాదు, పదిసార్లు రాసుకో. కాకపోతే నా పేరు పదకొండుసార్లు ఉండాలి. లెక్కపెడతాను.

ఇట్లు,
నీ కుళ్లుబోతు బావ,
కన్నారావు