టూరె గారి అరగంటల పుస్తకం

లుండ్, 8 ఏప్రిల్ 1991

శ్రీ టూరె లిండెల్ గారికి, నరాల వార్డు నర్సు సీవ్ నమస్కారాలు.

పార్కిన్సన్స్ జబ్బుకి తలలో కొత్త నరాల కణాలు నాటే ఆపరేషన్ కోసం మీరు పేరిచ్చారు. ఒళ్ళు మాట వింటోందో, బిగుసుకుపోయిందో అరగంటకోసారి టిక్కు పెట్టమని పుస్తకం ఇచ్చాం. వారమంతా "బాగుంది" అనే పెట్టారు. బాగున్న మనిషి తలకి చిల్లు దేనికని డాక్టర్లు అడుగుతున్నారు. ఈ ఏడాదికి మిగిలింది ఒక్క మంచం. ఇంకో పుస్తకం పంపుతున్నాను.

ఇట్లు,
సీవ్

తా.క. మంగళవారం పదిన్నర గడిలో బురద అంటింది. అది టిక్కేనా?

12 ఏప్రిల్

సిస్టర్ సీవ్ గారికి, టూరె రాయునది. ఇక్కడ అంతా క్షేమం.

మంగళవారం పందుల దొడ్లో పడ్డాను. రెండు గంటలు లేవలేకపోయాను. అయినా ఎండ కాసింది, పందులు మర్యాదగానే ఉన్నాయి. దాన్ని బాగోలేదని ఎలా రాయను? మా నాన్న కాలు విరిగినప్పుడు కూడా "ఫర్వాలేదు" అనే అన్నాడు. అంతకు మించి మూలిగేవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ కాఫీకి పిలవరు.

నా అక్షరాలు చీమల్లా తయారయ్యాయని డాక్టరుగారు దిగులుపడ్డారట. కాగితం కలిసొస్తోందని చెప్పండి.

ఇట్లు,
టూరె

తా.క. ఈసారి పుస్తకం నేను రాస్తానని మా ఆవిడ గున్వర్ లాక్కుంది.

22 ఏప్రిల్

గున్వర్ గారికి నమస్కారం.

రోజుకి నలభై ఎనిమిది గళ్ళు, వారమంతా అన్నీ "బాగోలేదు" అని పెట్టారు. మందు వేసుకున్నాక కాసేపైనా ఒళ్ళు తేలికపడకపోతే అది పార్కిన్సన్సే కాదేమో, కణాలు నాటినా లాభం లేదని డాక్టర్లు పేరు కొట్టేయబోయారు. కాళ్ళావేళ్ళా పడి ఆపాను. మళ్ళీ కొత్త పుస్తకం పంపుతున్నాను. మే పదికల్లా నిజం రాసిన పుస్తకం రాకపోతే మంచం ఇంకొకరికి పోతుంది.

ఇట్లు,
సీవ్

తా.క. "గురక" అని మీరే ఒక గడి గీశారు. మా వైద్యంలో అది లేదు.

25 ఏప్రిల్

సిస్టర్‌కి గున్వర్ రాయునది.

అడగందే అమ్మైనా పెట్టదు, ఇక ఆసుపత్రివాళ్ళు మంచం ఇస్తారా అని కాస్త గట్టిగానే అడిగాను. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన నోట "నొప్పి" అనే మాట వినలేదు. ఆయన ఒంట్లో సంగతి నాకేం తెలుస్తుంది? పుస్తకం ఆయన చేతికే ఇచ్చి, తలుపు వేసి వచ్చేశాను. మంచం పోతుందేమోనని భయంగా ఉంది.

ఇట్లు,
గున్వర్

తా.క. గురక మాత్రం నిజం.

5 మే

సిస్టర్‌కి, టూరె రాయునది. పుస్తకం పంపుతున్నాను. టిక్కుల్లో పట్టని సంగతులు ఇవి. నిన్నటివి.

ఎనిమిది. బాగోలేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. గాలి కోసం వదిలేశానని గున్వర్‌తో అన్నాను.

తొమ్మిదిన్నర. బాగుంది. మందు పట్టింది. చక్కెరదుంపల చేను చుట్టూ తిరిగొచ్చాను.

పన్నెండు. బాగోలేదు. చెంచా నోటిదాకా రాలేదు. ఆకలి లేదన్నాను. ఆకలి ఉంది.

నాలుగు. బాగోలేదు. వంటింటి గడపలో కాళ్ళు అతుక్కుపోయాయి. లోపల గున్వర్ పాడుకుంటోంది. పిలిస్తే పాట ఆపేస్తుందని పిలవలేదు.

నాకు బాగవ్వాలని ఉంది సిస్టర్. ఈ మాటలేవీ గున్వర్‌కి చెప్పకండి.

ఇట్లు,
టూరె

తా.క. గున్వర్ రాయునది. ఈ ఇంట్లో కవర్లు అంటించేది నేనే. ఆకలి లేదన్నాడని ఆ పూట అన్నం పందులకి వేశాను. ఇది చదివి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. నేను చదివినట్టు ఆయనకి చెప్పకండి.

13 మే

గున్వర్ గారికి నమస్కారం.

డాక్టర్లు చదివారు. మంచం టూరె గారిదే. ఇరవయ్యో తేదీన ఇద్దరూ రండి. కణాలు కుదురుకోవడానికి ఏడాది పట్టవచ్చు, అసలు కుదురుకోకపోనూ వచ్చు. అయినా రండి.

ఇట్లు,
సీవ్

తా.క. ఆ ఉత్తరం ఆయన ఫైల్లోకి వెళ్ళేముందే మీ తా.క.ని కత్తెరతో కత్తిరించి నా సొరుగులో దాచాను. మీరు చదివారని తెలిస్తే ఆయన సిగ్గుపడి మంచం వద్దంటారు.