వేలు దూరని సందు

కరీంనగర్,
గురువారం పొద్దున.

బాపుకు నమస్కారం.

నా ఫోన్ మీరు ఎత్తడం లేదు. నిన్న ఇంటికి వస్తే గేటు తీయలేదు. అక్క చెప్పినా, "కారు మళ్ల గుంజుకునేతందుకు నాటకమాడుతుండు" అన్నారట. అందుకే ఈ ఉత్తరం మన మిల్లు డ్రైవర్ ఓంప్రకాశ్ చేతికి ఇస్తున్నాను.

రేపు, నా దగ్గర నుంచి మీరు తీసుకున్న ఆ కారులో నిర్మల్‌కు అక్క దగ్గరికి బయల్దేరకండి. నేను బిగించినవి రేసు కార్ల వెడల్పు టైర్లు. కారు ఖాళీగా ఉంటే చక్రం మీది రేకుకు తగలవు. బరువు పడితే వెనుక భాగం దిగి, రేకు అంచు టైరును కోస్తుంది. మొన్న ఇవే టైర్లున్న నా దోస్తు కారులో నలుగురు ఎక్కితే టైరు అలాగే పేలింది. అది ఊళ్లో, మెల్లగా పోతుంటే. మీరు పోయేది పెద్ద రోడ్డు మీద, వేగంగా.

టైర్లు బిగించిన రోజు మీరు "ఏడన్న తగుల్తదారా?" అంటే, "ఏం తగుల్తలేదు బాపు" అన్నాను. ఒక్కణ్ణే నడిపి చూసి చెప్పిన మాట అది. అక్క ఇంటికి మన కారు బియ్యం బస్తాలు లేకుండా ఎన్నడూ పోలేదని నాకు తట్టనే లేదు.

పాత చక్రాలు అమ్మేశానని అబద్ధం చెప్పాను. వడ్ల కొట్టంలో టార్పాలిన్ కింద ఉన్నాయి. అవి వేయించి, కారు మీరే ఉంచుకోండి.

ఇంకా నాటకమే అనిపిస్తే, బస్తాలు ఎక్కించి, అవ్వను వెనుక కూర్చోబెట్టి, టైరుకూ రేకుకూ మధ్య వేలు పెట్టి చూడండి. నన్ను నమ్మకండి బాపూ, మీ వేలును నమ్మండి.

మీ కొడుకు