చెప్పులేసుకోండి

సెప్టెంబరు 2, సోమవారం

ఊఁ సార్ గడువు పెట్టాడు. ముప్పయ్యో తారీఖు.

కొరియర్ ఆఫీసు యజమానికి ఆ పేరు నేనూ బావా పెట్టుకున్నాం. ఏం చెప్పినా ఊఁ అంటాడు. అది సరేననే ఊఁ నో, చూద్దామనే ఊఁ నో, నువ్వన్నది వినలేదనే ఊఁ నో మాకు ఏడాదైనా అంతుపట్టలేదు. ఇవాళ మాత్రం పూర్తి వాక్యాలు మాట్లాడాడు. అందుకే భయమేసింది. వాళ్ళ ఆఫీసుకి రోజుకి రెండొందల పన్నెండు ఫోన్లు వస్తున్నాయట. అందరిదీ ఒకటే ప్రశ్న, నా పార్సెల్ ఎక్కడుందని. అది చెప్పడానికే కదా మీ చేత యాప్ చేయించుకున్నది అన్నాడు. ముప్పయ్యో తారీఖున ఫోన్ల లెక్క వందలోపు ఉంటే యాప్ ఉంటుంది, లేదంటే తీసేస్తాడట.

నేను ఊఁ అన్నాను. ఇంకేమనను?

బయటికొచ్చాక బావ మహా హుషారుగా ఉన్నాడు. వంద అన్నాడు కానీ సున్నా అనలేదు కదా అట. మా అక్క ఈ మనిషిని ఏం చూసి చేసుకుందో ఇలాంటప్పుడే అర్థమవుతుంది.

సెప్టెంబరు 3, మంగళవారం

కంపెనీ అంటే నేనూ, బావా. ఆఫీసు అంటే అక్క వాళ్ళ ముందు గది. అందులో ఉండాల్సిన అక్క కుట్టు మిషను ఏడాదిగా వంటింట్లో ఉంది. నిన్న నా టీలో ఎర్ర దారం వచ్చింది. అక్క కాలెండర్‌లో ముప్పై చుట్టూ తనూ ఒక సున్నా చుట్టింది. కాంట్రాక్టు పోతే గది తనది. బావ పాత ఉద్యోగానికి పోతాడు, నేను ఎక్కడో ఒక చోట చేరాలి.

ఇది నా మూడో యాప్. మొదటిది గొడుగులు అద్దెకిచ్చేది. రెండోది ఏ క్యూ ఎంత పొడుగుందో చెప్పేది. రెండూ నేనూ అక్కా మాత్రమే వాడి, మేమూ మానేశాం. ఈ ఒక్కటి బతకాలి. ఇంతకుముందు ఏదీ ఇంతగా కోరుకోలేదు.

సెప్టెంబరు 5, గురువారం

బావ ఐడియా: మ్యాప్ మీద బైకు కదులుతూ కనిపించాలి. పార్సెల్ ఎక్కడుందో కళ్ళారా చూసుకున్నాక ఇంకెవరు ఫోన్ చేస్తారు? బాగుంది. పనిలో పడ్డాను. స్క్రీన్ మీద పార్సెల్ బరువు చూపించే గడి ఒకటుంది. ఎవడిక్కావాలి, తీసెయ్ అన్నాడు. ఉండనీ, దాని మానాన అది పడి ఉంటుంది అన్నాను.

సెప్టెంబరు 9, సోమవారం

కదులుతోంది! చిన్న ఎర్ర బైకు, మలుపు దగ్గర ముక్కు తిప్పుకుంటుంది కూడా. అక్క మిషను ఆపి వచ్చి పావుగంట చూసింది. ముద్దొస్తోంది అంది. అన్ని ఫోన్లకీ అప్‌డేట్ పంపేశాం.

సెప్టెంబరు 10, మంగళవారం

రెండొందల అరవై ఒకటి.

సెప్టెంబరు 12, గురువారం

పొద్దున్నే కొరియర్ ఆఫీసుకి వెళ్ళి ఫోనక్క పక్కన కూర్చున్నాను. వచ్చే ప్రతి ఫోనూ ఎత్తేది ఆవిడే. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే నల్ల ఫోను. పాత బిల్లుల వెనక గీతలు పెట్టి లెక్క రాస్తుంది. నాలుగు నిలువు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఊఁ సార్ చెప్పే లెక్కలన్నీ ఆ గీతలే.

బైకు కనిపిస్తున్న కొద్దీ జనం ఫోన్లు ఎక్కువ చేస్తున్నారు. మీ మనిషి టీ కొట్టు దగ్గర ఇరవై నిమిషాలుగా ఆగిపోయాడు, ఒంట్లో బాగాలేదా అని ఒకాయన. మూడోది నాదే అని యాప్ చెప్పింది, బైకు మా గుమ్మం ముందు నుంచే వెళ్ళింది, ఆగలేదు, నామీద కోపమా అని ఒకావిడ. అలా గుమ్మం దాటిపోయిన వాళ్ళే పొద్దుట్నుంచీ ముప్పైమంది.

కానీ ఫోనక్క మాట్లాడుతుంటే వినాలి. అవుట్ ఫర్ డెలివరీ లాంటి మాట ఆవిడ నోట రానేరాదు. మీ ముందు ఇంకా ఇద్దరున్నారు, స్నానం చేసి రావచ్చు అంటుంది. ఇంకొకరికి, లిఫ్టు చెడిపోయిందట, మా వాడు నాలుగంతస్తులు ఎక్కుతున్నాడు, తిట్టకండి అంటుంది. పక్క బిల్డింగులోకి వచ్చేశాడంటే మాత్రం ఒకటే మాట, చెప్పులేసుకోండి. అంటే కిందికి దిగే టైమయిందని. అవతలివాళ్ళు నవ్వుకుంటూ పెట్టేస్తున్నారు. మళ్ళీ చెయ్యడం లేదు.

యాప్‌లో కూడా చూడకుండా ఎవరి ముందు ఎవరున్నారో ఎలా చెబుతున్నావక్కా అని అడిగాను. రేపు ఏడింటికి రమ్మంది. నా ఒళ్ళోని ఈ డైరీ చూసి, అన్నీ పుస్తకంలో ఎక్కించేస్తావా చెల్లీ, నా గురించి మంచిగా రాయి అంది. రాస్తున్నాను.

సెప్టెంబరు 13, శుక్రవారం, పొద్దున 7.40

కొరియర్ ఆఫీసు బల్ల మీదే రాస్తున్నాను. ఆగలేను.

ఆరుగురు డెలివరీ మనుషులు బల్ల చుట్టూ సంచులు సర్దుకుంటున్నారు. అందరికంటే పెద్ద సంచి మోసేవాణ్ణి పెద్ద సంచి అనే పిలుస్తారు. ఒక్కో పార్సెల్ తీస్తాడు, మేమిచ్చిన ఫోనుతో స్కాన్ చేస్తాడు, సంచిలో వేస్తాడు. అన్నిటికంటే చివర ఇవ్వాల్సింది అడుగున. మొదట ఇవ్వాల్సింది పైన. యాప్ చెప్పే దారి చూడవా అని అడిగితే నన్ను జాలిగా చూశాడు. దగ్గరిల్లు కదా అని అడుగునున్న పార్సెల్ కోసం నడిరోడ్డు మీద సంచంతా బోర్లించనా అన్నాడు. బరువైనవి ముందు వదిలించుకోవాలట. తొమ్మిదిన్నరకల్లా పనికెళ్ళిపోయే వాళ్ళని ముందు పట్టుకోవాలట. మధ్యాహ్నం పడుకునే వాళ్ళ బెల్లు నాలుగింటి దాకా కొట్టకూడదట.

ఫోనక్క పక్కన కూర్చుని ఆరు సంచులూ చూస్తుంది. గుర్తు పెట్టుకుంటుంది. అంతే!

బావ రెండు నెలలు తల బద్దలు కొట్టుకుని అతి దగ్గరి దారి లెక్కలు రాశాడు. ఆ దారిలో ఒక్కడూ వెళ్ళలేదు. స్కాన్ చేసిన వరసని తిరగేస్తే చాలు. అదే అసలు వరస. అది మా దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది.

సెప్టెంబరు 16, సోమవారం

నాలుగొందల లైన్లు తీసేసి ఒక్క లైను పెట్టాను. బావ తన కోడు వంక పెళ్ళికూతుర్ని సాగనంపుతున్నట్టు చూశాడు. చివర్లో ఒక కాపీ దాచుకుంటానన్నాడు. దాచుకో బావా అన్నాను.

సెప్టెంబరు 17, మంగళవారం

ఫోనక్క మాటలన్నీ యాప్‌లోకి ఎక్కించాను. మీ ముందు ముగ్గురున్నారు. లిఫ్టు లేదు, కాస్త ఆలస్యం, తిట్టకండి. చెప్పులేసుకోండి. రోజుకో రకం ఇబ్బంది వస్తుంది కాబట్టి మెసేజ్‌లు మార్చే లాగిన్ ఆవిడకే ఇచ్చాను. ఒక వేలితో కొడుతుంది, కొట్టిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతుంది.

బైకు బొమ్మ ఉంది. టీ కొట్టు దగ్గర మాత్రం ఆ టైములో, టీ తాగుతున్నాడు, మీరూ తాగండి అని వస్తుంది. పెద్ద సంచి అడిగి పెట్టించుకున్నాడు.

సెప్టెంబరు 20, శుక్రవారం

నూట నలభై నాలుగు! అక్కని పట్టుకుని వంటింట్లో గిర్రున తిప్పాను. మిషను మీద పడబోయాం.

సెప్టెంబరు 24, మంగళవారం

నూట ఇరవై. సంతోషంగా చెప్పడానికి వెళితే ఫోనక్క ఒక మాట అడిగింది. ఫోను మోగడం మానేస్తే నన్నీ కుర్చీలో ఎందుకు కూర్చోబెడతారు చెల్లీ అని. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. వారం రోజులుగా ఆవిడ పని ఆవిడ చేతే తగ్గిస్తున్నాను. ఈ ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. సిగ్గేసింది.

తిన్నగా ఊఁ సార్ గదిలోకి వెళ్ళాను. యాప్‌లో మాట్లాడేది మేం కాదు, ఆవిడ, పొద్దున ఆరు సంచులూ చూసి మాటలు మార్చే మనిషి లేకపోతే వారంలో మళ్ళీ రెండొందల ఫోన్లు అన్నాను. ఆయన ఫ్యాను వంక చూశాడు.

ఊఁ అన్నాడు.

సెప్టెంబరు 27, శుక్రవారం

మధ్యాహ్నం నలభై నిమిషాలు ఫోను మోగలేదట. పాడైపోయిందేమోనని ఫోనక్క తన సెల్ నుంచి దానికి చేసి చూసింది. మోగింది. ఎత్తి, తనే పలికి, పెట్టేసింది. దానికీ ఒక గీత పెట్టింది. అదేంటక్కా అంటే ఫోనంటే ఫోనే అంది.

సెప్టెంబరు 30, సోమవారం

నూట మూడు.

సాయంత్రం ఊఁ సార్ బిల్లు తిరగేసి గీతలు లెక్కపెట్టాడు. రెండుసార్లు. నూట మూడే. మూడంటే మూడు. బావ వంక చూశాను. మనిషి తెల్లబోయి, చెమటలు కక్కుతున్నాడు.

అప్పుడు ఫోనక్క గొంతు సవరించుకుంది. అందులో అయిదు ఫోన్లు ఈ బాబువే అంది, బావని చూపిస్తూ. పొద్దుట్నుంచీ రెండు గంటలకోసారి చేసి, ఇప్పటికెన్ని ఫోన్లు వచ్చాయక్కా అని అడిగాడట! ఫోనంటే ఫోనే కాబట్టి గీత పెట్టిందట. కానీ ఆ అయిదూ పార్సెల్ ఫోన్లు కావు, ఆ సంగతి చెప్పకపోవడం తప్పవుతుంది సార్ అంది. చెప్పకుండా ఊరుకుంటే ఆవిడ కుర్చీకి ఏ ఢోకా లేదు. అయినా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, దాచడమెందుకు.

ఊఁ సార్ నవ్వడం మొదటిసారి చూశాను. శబ్దం లేదు, భుజాలు మాత్రం ఊగుతాయి. అవునో కాదో చెప్పమంటే ఇప్పుడు చెప్పడట. రేపు పార్సెల్ పంపుతాడట. అవునంటే సంతకం చేసిన కాంట్రాక్టు. కాదంటే మేమిచ్చిన ఆరు ఫోన్లూ వెనక్కి. ఎక్కడిదాకా వచ్చిందో మీ యాప్‌లోనే చూసుకోండి అన్నాడు.

ఇంటికొచ్చాక అక్క విషయమంతా విని బావకి ఒక రోజు మాటలు బంద్ అంది. అయిదు నిమిషాలకే తనే పలకరించింది. ఆరు ఫోన్లంటే కిలో పైమాటే అని బావ గొణుక్కుంటున్నాడు. మొదట నాకు అర్థం కాలేదు.

అక్టోబరు 1, మంగళవారం

7.30. సంచిలోకి ఎక్కింది. మీ ముందు పద్నాలుగు మంది ఉన్నారు.

7.31. ఎవడిక్కావాలి అన్న గడి తెరిచాం. బరువు: నలభై గ్రాములు.

7.32. అక్క కుట్టు మిషను మీద కూర్చుని నవ్వుతోంది. బావ ఇంకోసారి చదవమంటున్నాడు. నలభై.

10.35. టీ తాగుతున్నాడు, మీరూ తాగండి. తాగాం. ఇవాళ పచ్చ దారం.

10.52. ఒక మెసేజ్ వచ్చింది. నేను రాసింది కాదు, ఫోనక్క కొట్టింది. ఇకనుంచి నా జీతం ఈ మాటలకేనట, తర్వాతి పార్సెల్ మీదే, డైరీ మూసి చెప్పులేసుకో చెల్లీ.