మీరు ముట్టని కాఫీ

గౌరవనీయులైన డాక్టర్ హైథమ్ గారికి,

మొన్న మోటార్ల క్లాసులో నా మైకు ఆన్‌లో ఉండిపోయింది, క్షమించండి. "కాఫీ చల్లారిపోతోంది, తాగమని చెప్పవే మీ మాస్టారికి" అన్న గొంతు మా నానమ్మది. అందరూ నవ్వారు. మీరు నవ్వలేదు. అందుకే ఇది రాసే ధైర్యం వచ్చింది.

చదువు ఫోనులోకి వచ్చినప్పటి నుంచి నానమ్మకు మీరు అతిథి. ఫోను సంగతి తెలియక కాదు, దాంట్లోనే రోజూ మా అత్తతో మాట్లాడుతుంది. గొంతు వినిపించాక మనిషి వచ్చినట్టేనంటుంది. మీ క్లాసు మొదలవగానే ఏలకుల కాఫీ ఒక కప్పు తెచ్చి తెర ముందు పెడుతుంది. మీరు ముట్టరు. నిన్న నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఆయన ఏదో అడగడానికే వస్తున్నాడే. లేకపోతే ఇన్నాళ్లూ కప్పు ముట్టకుండా పోతాడా? మొహమాటపడుతున్నట్టున్నాడు. అడగమను. మన కరక్ ఊళ్లో, అడిగింది ఇస్తామనేదాకా కాఫీ ముట్టకుండా కూర్చున్నవాడికి ఎప్పుడైనా లేదన్నామా?"

వచ్చే నెల అమ్మాన్‌లో మన కాలేజీ ల్యాబ్ తెరుస్తున్నారట. ఇక్కడే చదువు సాగుతుంటే అమ్మాన్ దాకా ఎందుకని నాన్న అంటున్నారు. తెర మీద ఎన్నో మోటార్లు తిరగడం చూశాను గానీ, ఒక్కదాని మీదా చెయ్యి పెట్టి వేడి చూడలేదు సార్.

నానమ్మ మాటకు నాన్న ఎదురు చెప్పరు. రేపు క్లాసు కాగానే ఒక్క నిమిషం ఆగి, నన్ను ల్యాబుకు పంపమని ఆమెను అడగండి. "ఇచ్చేశాను, తాగు నాయనా" అంటుంది.

అందుకని మీ దగ్గర కూడా ఒక కప్పు కాఫీ ఉంచుకోండి. ఆమె చూస్తుండగా తాగాలి.

మీ విద్యార్థిని