కాకుల తాడు మీది పెళ్లి సీడీ

జాలరిపేట,
విశాఖపట్నం,
9-2-2025.

మహారాజశ్రీ బావ దొరబాబు గారికి, బావమరిది ఎల్లాజీ నమస్కరించి రాయునది.

ఇక్కడ నాను, సముద్రం బాగానే ఉన్నాం. పూడిమడకలో నీ ఒంట్లో బాగుందని తలుస్తాను.

వల చిరిగిందని మనిద్దరం గొడవపడిన తరవాత నీకు రాయడం ఇదే. కోటి పోయినప్పుడు వచ్చాను గాని, కొడుకుని పోగొట్టుకున్నవాడితో ఏటి అనాలో తెలీక, జనం వెనకాల నిలబడి వెళిపోయాను. నాకు నోటి కన్నా కాగితమే కొంచెం నయం.

మొన్న మా చిట్టమ్మక్క వచ్చింది. బుట్టలో ఎండుచేపల కింద, గుడ్డలో చుట్టి నా మేనకోడలు సాయిదుర్గ పెళ్లి సీడీ తెచ్చింది. చేపలు ఎండేసినప్పుడు కాకులు రాకుండా పాత సినిమా సీడీలు తాడుకి కడతాం కదా, ఆటిలో ఇదీ కలిసిపోతే చూసుకోకుండా నువ్వే కట్టీసావట. కోటి సంవత్సరీకం నాడు, చెల్లి పెళ్లిలో ఆడు ఆడిన ఆట చూద్దామని వెతికితే అప్పుడు తెలిసిందట. టూత్‌పేస్టు పెట్టి రుద్దినా ఆడలేదట. నా చేత్తో నానే నా కొడుకుని కాకులకి కట్టీసానని, కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోతన్నావట. ఆ గుంటడు ఇంకెక్కడా కనపడడురా తమ్ముడా, ఎలగైనా బాగుచేయించు అని అక్క ఏడ్చింది.

జగదాంబ దగ్గర సీడీ గీతలు అరగదీసే మిషను ఉన్న షాపు ఒకటుంటే తీసుకెళ్లాను. షాపాయన వాసన చూసి, ఇది పెళ్లి సీడీయా ఎండుచేపల సీడీయా తాతా అని నవ్వాడు. రెండూనని చెప్పాను. కడిగి మిషన్లో పెట్టి తిప్పాడు.

బావా, సీడీ ఆడతంది. అక్క చేత పంపుతన్నాను. నాను మొత్తం చూసాను. బేండు ముందు కోటి తువ్వాలు పళ్లతో పట్టుకుని ఆడతన్నాడు. చెప్పు తెగినా ఆపలేదు ఎదవ. నా ఇంటిది పోతమ్మ గంధం పాట మధ్యలో నీవి రొయ్య మీసాలని కలిపి పాడింది. మేనమామని కదా, సాయిదుర్గని గంపలో ఎత్తుకొస్తంటే, గంప కన్నా నువ్వే ఎక్కువ వణుకుతన్నావురా ఎల్లాజీ అంటన్నావు. అదీ వినపడతంది.

ఇంక అన్నం తిను.

ఇట్లు,
నీ బావమరిది
ఎల్లాజీ

తా.క.: అక్కకి చదువు రాదు, ఇది నీలోనే ఉంచుకో. నీ సీడీ బాగవలేదు. కింద గీతలు పోయాయి గాని, ఎండకి పైన వెండి పూత రాలిపోయింది. షాపాయన లైటుకి ఎత్తి చూపిస్తే వల కన్నుల్లోంచి వచ్చినట్టు వెలుతురు వచ్చింది. నీకు పంపింది, మేనమామకని అప్పుడు నువ్వే నాకిచ్చిన రెండో సీడీ. అది నా దగ్గరుందని నీకు తెలుసు. అయినా నువ్వు అడగవు. అందులో పోతమ్మ ఉందని అక్క కూడా అడగలేదు. పోతమ్మ పోయాక ఆదివారం ఆదివారం అది వేసుకుని ఆవిడ గొంతు వినేవాణ్ణి. ఇంకో కాపీ తీసిస్తాను ఉంచుకో తాతా, ఎంతసేపు పని అని షాపాయన అన్నాడు. వద్దన్నాను. నా దగ్గరా ఒకటుంటే, మీ ఇంటికి రావడానికి నాకు ఏటి పని ఉంటాది?

వచ్చే ఆదివారం అచ్యుతాపురం బస్సుకి వస్తాను. నీ కొడుకు ఆడినంతసేపూ నువ్వు ఏడువు, నాను ఏటీ అనను. మా పోతమ్మ పాడినప్పుడు నువ్వూ ఏటీ అనకు.